మచ్చలు లెక్కపెట్టారా?

పసివాడి ఒంటి మీద పాలు కలిపిన కాఫీ రంగు మచ్చలు ఒకటీ రెండూ ఉంటే భయం లేదు. ఆరో, అంతకన్నా ఎక్కువో ఉంటే మాత్రం ఆగి చూడాలి. నరాల కణజాలాన్ని అదుపు చేసే జన్యువులో ఉన్న తేడాను చర్మం అలా బయటపెడుతుంది. న్యూరోఫైబ్రోమటోసిస్ అనే ఈ వ్యాధికి వైద్యం హైదరాబాద్ దాకా పోతే గానీ దొరకదు. గుర్తుపట్టే పని మాత్రం బీర్పూర్ అంగన్‌వాడీలోనే మొదలు కావచ్చు.

జగిత్యాల జిల్లా బీర్పూర్ 2016 అక్టోబరులో కొత్త జిల్లాలతో పాటు మండలమైన ఊరు. లక్ష్మీనరసింహస్వామి కొలువైన గుట్ట, వరి పొలాలు, అరుగుల మీద బీడీల చాటలు, వాడకు ఒకరిద్దరు గల్ఫ్‌లో. ఇక్కడి అంగన్‌వాడీలకు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం ఏడాదికి రెండుసార్లు రావాలి, బడులకు ఒకసారి. 2013లో దేశమంతటా మొదలైన పథకం ఇది. పుట్టుకతో వచ్చే లోపాలు, పోషకాహార లోపాలు, జబ్బులు, ఎదుగుదలలో వెనుకబాటు అన్న నాలుగింటిని పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల్లో ముందే పట్టుకోవడం దాని పని.

బృందం వచ్చిన రోజున పిల్లాడి బరువు తూచడానికి చొక్కా విప్పుతారు. అప్పుడు కనిపిస్తాయి పొట్ట మీద, నడుము మీద, తొడల మీద లేత గోధుమ రంగు మచ్చలు. అంచులు సాఫుగా ఉంటాయి. తడిమితే ఎత్తుగా తగలవు. నొప్పి లేదు, దురద లేదు. 

“పుట్టుమచ్చలే గద సారూ, వాళ్ల నాయనకు గూడ ఉన్నయ్” అంటుంది ఇలాంటి చోట చాలామంది తల్లులలాగే ఆ తల్లి. ధైర్యం కోసం అన్న ఆ మాటలోనే డాక్టరుకు కావలసిన రెండో ఆధారం ఉంది. తండ్రికీ ఉన్నాయంటే ఇది వంశంలో దిగివస్తున్నదేమో చూడాలి. ఆ మాట విని తలూపి పక్క పిల్లాణ్ని పిలిస్తే ఒక అవకాశం చేజారినట్టే.

చేయాల్సిందల్లా మచ్చల్ని లెక్కపెట్టి స్కేలుతో కొలవడం. ఈ జబ్బును అనుమానించాలంటే యుక్తవయసుకు రాని పిల్లల్లో 5 మిల్లీమీటర్లకు మించిన మచ్చలు ఆరు లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి. యుక్తవయసు దాటినవాళ్లలో ఒక్కొక్కటి 15 మిల్లీమీటర్లు మించాలి. ఈ కొలతకు రక్తపరీక్ష అక్కర్లేదు, కరెంటు కూడా అక్కర్లేదు.

ప్రపంచంలో ఎక్కడైనా, ఏ జాతిలోనైనా పుట్టే ప్రతి మూడు వేల మందిలో సుమారు ఒకరికి న్యూరోఫైబ్రోమటోసిస్ మొదటి రకం ఉంటుంది. 2011 జనగణన ప్రకారం ఇప్పటి జగిత్యాల జిల్లా జనాభా దాదాపు పది లక్షలు. ఆ లెక్కన ఈ ఒక్క జిల్లాలోనే మూడు వందల మందికి పైగా ఉండాలి. అరుదైన జబ్బు అన్న మాట విని మనకు సంబంధం లేదనుకోవడానికి వీల్లేని అంకె ఇది.

చర్మం, నరం తోబుట్టువులు

మచ్చ చర్మం మీద, జబ్బు నరంలో. ఈ రెండింటికీ పొత్తు ఎక్కడ కుదిరింది? జవాబు తల్లి కడుపులో మొదటి నాలుగు వారాల్లో ఉంది.

పిండం తొలిరోజుల్లో పైపొర మధ్య భాగం లోపలికి మడతపడి, రెండు అంచులూ కలిసి ఒక గొట్టంలా మూసుకుంటుంది. మెదడు, వెన్నుపాము తయారయ్యేది ఆ గొట్టంలోంచే. గర్భం నిలిచిన సుమారు 28 రోజులకు ఈ మూత పూర్తవుతుంది. చాలామంది ఆడవాళ్లకు నెల తప్పిందన్న సంగతి ఖాయమయ్యేది కూడా అప్పుడే. గొట్టం సరిగా మూసుకోకపోతే బిడ్డ వెన్ను తెరుచుకుని పుడుతుంది. గర్భం దాల్చక ముందు నుంచే ఫోలిక్ ఆసిడ్ మాత్ర వేసుకోమనేది అందుకే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల బృందం 1945లో కృత్రిమంగా తయారుచేసిన విటమిన్ ఇది. అంతకుముందు అలాంటి బిడ్డను కన్న తల్లులు దీన్ని ముందుగా వాడితే మళ్లీ అదే లోపం వచ్చే అవకాశం 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటన్ పరిశోధన తేల్చింది.

గొట్టం మూసుకునే చోట, ఆ అంచుల నుంచి కొన్ని కణాలు విడివడి ఒంట్లో నలుమూలలకూ వలసపోతాయి. వాటిలో కొన్ని చర్మంలో స్థిరపడి రంగునిచ్చే కణాలవుతాయి. కొన్ని నరాల చుట్టూ తొడుగు అల్లే కణాలవుతాయి. వలసపోక ముందు అవన్నీ ఒకే చోట పుట్టినవి. అందుకే వాటిని అదుపు చేసే జన్యువులో లోపం ఉంటే చర్మం మీద రంగు తేడా, నరం మీద గడ్డ రెండూ కనిపిస్తాయి. ఫోలిక్ ఆసిడ్ ఈ లోపాన్ని ఆపలేదు. గొట్టం మూసుకోవడం ఒక సంగతి, అందులోంచి బయలుదేరిన కణాలు హద్దులో ఉండడం ఇంకో సంగతి.

సాంచా ఆగకపోతే

జర్మన్ వైద్యుడు ఫ్రెడరిక్ ఫాన్ రెక్లింగ్‌హౌజెన్ 1882లో ఈ గడ్డలు నరాల తొడుగులోంచి పుడుతున్నాయని వివరించాడు. ఆయన పేరుతోనే చాలాకాలం ఈ జబ్బును పిలిచారు. కారణమైన జన్యువు మాత్రం ఆ తర్వాత వందేళ్లు దాటినా దొరకలేదు. 1990లో అమెరికాలో రెండు బృందాలు దాన్ని పదిహేడో క్రోమోజోమ్ మీద పట్టుకున్నాయి. వాటిలో ఒకదానికి నాయకుడైన ఫ్రాన్సిస్ కాలిన్స్ తర్వాతి కాలంలో మానవ జన్యుపటం ప్రాజెక్టుకు సారథి అయ్యాడు.

ఈ జన్యువు తయారుచేసే ప్రొటీన్ పేరు న్యూరోఫైబ్రోమిన్. కణానికి పెరగమని సంకేతమిచ్చే రాస్ అనే ప్రొటీన్ పని అయ్యాక దాన్ని ఆపేది ఇదే. సిరిసిల్ల మరమగ్గాల, అంటే సాంచాల మీద పోగు తెగగానే మగ్గం దానంతటదే ఆగే ఏర్పాటు ఉంటుంది. అది చెడితే మగ్గం ఆగదు, చూసుకునేలోపు గజాల కొద్దీ బట్ట లోపంతో వచ్చేస్తుంది. న్యూరోఫైబ్రోమిన్ లేని కణంలో జరిగేదీ అదే. 

మనందరికీ ఈ జన్యువు రెండు ప్రతులుగా ఉంటుంది, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. జబ్బు ఉన్నవాళ్లకు పుట్టుకతోనే ఒక ప్రతి చెడి ఉంటుంది. ఒంట్లో ఏదో ఒక కణంలో రెండో ప్రతి కూడా దెబ్బతింటే అక్కడ గడ్డకు విత్తనం పడినట్టే. అది ఎక్కడ, ఎప్పుడు పడుతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. అందుకే ఒకే ఇంట్లో, ఒకే జన్యు లోపంతో తండ్రి కొన్ని మచ్చలతో, చిన్న చిన్న బుడిపెలతో అరవై ఏళ్లు హాయిగా బతికేస్తే, కొడుక్కి కంటి నరం మీదే కణితి రావచ్చు.

వయసుతో మారే జబ్బు

మచ్చలు సాధారణంగా ఏడాది నిండేలోపే బయటపడతాయి. మూడు నుంచి ఐదేళ్ల మధ్య చంకల్లో, గజ్జల్లో సన్నని చుక్కలు రాలినట్టు కనిపిస్తాయి. ఎండ తగలని చోట చుక్కలు రావడం ఈ జబ్బుకున్న ప్రత్యేకత. కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయం మీద చిన్న బుడిపెలు లేస్తాయి. వాటిని చూడాలంటే కంటి డాక్టరు దగ్గరుండే స్లిట్ ల్యాంప్ కావాలి. చూపుకు వాటి వల్ల ఏ ఇబ్బందీ లేదు, నిర్ధారణకు మాత్రం గొప్ప సాక్ష్యం.

ప్రమాదం ఉన్నది కంటి వెనకాల. ఈ పిల్లల్లో వందకు దాదాపు పదిహేను మందికి చూపు నరం మీద కణితి వస్తుంది, అదీ ఎక్కువగా ఆరేళ్ల లోపే. ఆ వయసు పిల్లలు ఒక కంటితో చూపు తగ్గిందని చెప్పలేరు. రెండో కంటితో సర్దుకుపోతారు. అందుకే బడిలో చేరే వయసు దాటేదాకా ఏటా కంటి పరీక్ష తప్పనిసరి.

కొందరు పసిపిల్లల్లో మోకాలి కింది ఎముక ముందుకు, పక్కకు వంగి ఉంటుంది. కాలు వంకర అని కట్టు కట్టించడానికి తీసుకుపోతే ఆ పెళుసు ఎముక విరగవచ్చు, విరిగితే అతుక్కోవడం చాలా కష్టం. ఒంటి మీద మచ్చలున్న పిల్లాడి కాలు వంకరగా ఉంటే నేరుగా ఎముకల సర్జన్‌కే చూపించాలి.

బడికెళ్లే వయసులో వచ్చే చిక్కు వేరు. దాదాపు సగం మందికి చదువులో ఇబ్బంది ఉంటుంది. లెక్కలు ఎక్కవు, బోర్డు మీది రాత నోట్‌బుక్‌లోకి దిగదు, ఒకచోట కుదురుగా కూర్చోలేరు. తెలివితేటలు మామూలుగా ఉన్నా ఇలా జరుగుతుంది. సారు దృష్టిలో వాడు మొద్దు, ఇంట్లోవాళ్ల దృష్టిలో మొండి. మచ్చలకూ మార్కులకూ సంబంధం ఉంటుందని ఎవరూ చెప్పరు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఒకటి. నిర్ధారణ జరిగితే పరీక్షల్లో అదనపు సమయం లాంటి వెసులుబాట్లు అడగవచ్చు.

యుక్తవయసులో చర్మం మీద మెత్తని బుడిపెలు మొదలవుతాయి. ఆడవాళ్లలో గర్భం వచ్చినప్పుడు పెరుగుతాయి. ముంజేతి నరం మీద గడ్డ లేచిన బీడీ కార్మికురాలికి తునికాకు కత్తిరించేటప్పుడు వేళ్లు తిమ్మిరెక్కవచ్చు. వెయ్యి బీడీలకు ఇంతని కూలి వచ్చే పనిలో ఆ తిమ్మిరి నేరుగా సంపాదనలో కోత. అలాంటి గడ్డను ఊళ్లోని ఆర్‌ఎంపీతో కోయించుకోవడం మరీ ప్రమాదం. పైన కనిపించేది బుడిపె, లోపల అది వేలాడుతున్నది నరానికి. నరం తెగితే చెయ్యి పడిపోతుంది.

మూడోవంతు నుంచి సగం మందిలో నరాల గుత్తి మొత్తాన్ని చుట్టుకుని పెరిగే పెద్ద గడ్డలు ఉంటాయి. ఇవి పుట్టుకతోనే ఉండి పిల్లలతో పాటే పెరుగుతాయి. వీటిలోంచే క్యాన్సర్ పుట్టే అవకాశం ఉంది. ఈ జబ్బున్నవాళ్లలో జీవితకాలంలో ఆ ముప్పు నూటికి ఎనిమిది నుంచి పదమూడు మందికి. ఉన్న గడ్డ ఉన్నట్టుండి వేగంగా పెరిగినా, గట్టిపడినా, రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని నొప్పి మొదలైనా వారం కూడా ఆగకూడదు.

కుష్ఠు అనుకుని, బొల్లి అనుకుని

నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లిలో నూరేళ్ల కిందట కుష్ఠు ఆసుపత్రి వెలసిన ప్రాంతం ఇది. ఒంటి మీద మచ్చ, చర్మం కింద నరం తాడులా లావెక్కడం అనగానే ఇక్కడి పెద్దల మనసు అటే పోతుంది. తేడా తెలుసుకోవడం కష్టం కాదు. కుష్ఠు మచ్చ మీద సాధారణంగా స్పర్శ తగ్గుతుంది. కాఫీ రంగు మచ్చ మీద స్పర్శ మామూలుగానే ఉంటుంది. పైగా ఇది అంటుకోదు, ఒక్కరికి కూడా. పక్కన కూర్చున్నా, కంచం పంచుకున్నా, పెళ్లి చేసుకున్నా సోకదు. ఇంటింటికీ తిరిగి కుష్ఠు మచ్చల కోసం వెతికే ఆశా కార్యకర్త చూపు ఇప్పటికే చర్మం మీద ఉంది. మచ్చ మొద్దుబారిందా అని అడిగే ఆమె, ఎన్ని ఉన్నాయని కూడా అడిగితే చాలు.

ఇదే కోవకు చెందిన ఇంకో జబ్బు తెల్ల మచ్చలతో వస్తుంది. పేరు ట్యూబరస్ స్క్లిరోసిస్. ఫ్రెంచి వైద్యుడు బూర్నెవిల్ 1880లో వివరించాడు. ఆరు వేల మందిలో ఒకరికి వస్తుంది. పొడవాటి ఆకు ఆకారంలో మూడు, అంతకన్నా ఎక్కువ పాలిపోయిన మచ్చలు పుట్టుకతోనో తొలి నెలల్లోనో కనిపిస్తాయి. బొల్లి అనుకుని లేపనాలు రాస్తారు. నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసులో అసలు ముప్పు మొదలవుతుంది. పసిబిడ్డ నిద్ర లేవగానే చేతులు చాపి, తల ముందుకు వంచి ఒక్కసారి ఉలిక్కిపడుతుంది. కొన్ని సెకన్లకు మళ్లీ, మళ్లీ. కడుపునొప్పి అనో, దడుసుకుందనో అనుకుంటారు. అది మూర్ఛలో ఒక రకం. రోజులు గడిచే కొద్దీ మెదడు ఎదుగుదలను తినేస్తుంది. విగబాట్రిన్ అనే మందు దీనికి బాగా పనిచేస్తుంది, ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు. 

మల్యాల మండలంలోని కొండగట్టు అంజన్న దగ్గరికి మతి తప్పినవాళ్లను, గాలి సోకిందనుకున్నవాళ్లను తీసుకుపోవడం ఈ జిల్లాలకు తరాల అలవాటు. మొక్కు మొక్కుకోండి, ముడుపు కట్టండి. దారిలో జగిత్యాల పిల్లల డాక్టరుకు ఫోన్‌లో తీసిన ఆ ఉలికిపాటు వీడియో చూపించి పొండి. మూర్ఛ నిర్ధారణకు వీడియో ఎంతో పనికొస్తుంది.

ఎవరి పాపమూ కాదు

బిడ్డకు ఏ లోపం కనిపించినా మన దగ్గర ముందు నిలదీసేది కోడలినే. “గ్రహణంల బయటికొచ్చింది, అందుకే గిట్లయింది” అంటారు. గ్రహణం కాకపోతే మేనరికం. ఈ రెండింటిలో మొదటిది వట్టి అపోహ. రెండోదాన్ని కాస్త విడదీసి చూడాలి.

మేనమామ కూతుర్ని, మేనత్త కూతుర్ని చేసుకోవడం దక్షిణాది ఆచారమని బౌధాయన ధర్మసూత్రమే చెప్పింది. ఈ పెళ్లిళ్ల జన్యు ఫలితాల్ని శాస్త్రీయంగా లెక్కగట్టిన తొలి పరిశోధకుల్లో పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లో దగ్గరి సంబంధాల పెళ్లిళ్ల మీద ఆయన రాసిన పత్రం 1963లో అచ్చయింది. ఆయన గురువు జె.బి.ఎస్. హాల్డేన్. 1957లో ఇంగ్లండ్ వదిలి భారతదేశానికి వచ్చేసిన మహా జన్యుశాస్త్రవేత్త. 

మేనరికం ముప్పు పెంచేది రెండు ప్రతులూ చెడితేనే బయటపడే జబ్బులకు. తల చిన్నదిగా పుట్టే మైక్రోసెఫలీలో కొన్ని రకాలు, మెదడును దెబ్బతీసే అనేక జీవక్రియ లోపాలు అలాంటివి. భార్యాభర్తలిద్దరూ ఒకే ముత్తాత నుంచి ఒకే చెడ్డ ప్రతిని తెచ్చుకునే అవకాశం దగ్గరి చుట్టరికంలో ఎక్కువ. ఇద్దరికీ జబ్బు ఉండదు. బిడ్డకు మాత్రం నాలుగింట ఒక వంతు అవకాశంతో వస్తుంది. అలాంటి ఇంట మళ్లీ మేనరికం చేసే ముందు జన్యు సలహా తీసుకోవడం మంచిది.

న్యూరోఫైబ్రోమటోసిస్ లెక్క వేరు. ఒక్క ప్రతి చెడినా చాలు జబ్బు వస్తుంది. భార్యాభర్తలు చుట్టాలైనా కాకపోయినా తేడా లేదు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. ఆడబిడ్డైనా మగబిడ్డైనా అంతే. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి రెండో బిడ్డకు రాదన్న లెక్క ఇక్కడ చెల్లదు.

ఇంకో సంగతి వింటే కోడళ్లను నిలదీసేవాళ్ల నోళ్లు మూతపడతాయి. ఈ జబ్బున్నవాళ్లలో దాదాపు సగం మంది విషయంలో తల్లికీ తండ్రికీ ఆ జబ్బు ఉండదు. జన్యువు మరీ పెద్దది కావడంతో నకలు తీసేటప్పుడు తప్పులు దొర్లే అవకాశం ఎక్కువ. మనిషి జన్యువుల్లో కొత్త మార్పులు బాగా ఎక్కువగా వచ్చేవాటిలో ఇదొకటి. అలా కొత్తగా దొర్లే తప్పుల్లో పదింట ఎనిమిది దాకా తండ్రి వైపు నుంచి వచ్చినవే. మగవాడి వీర్యకణాలు జీవితాంతం నకళ్లుగా తయారవుతూనే ఉంటాయి కనుక కొత్త మార్పులు తండ్రి వైపే ఎక్కువ పుడతాయని, రక్తస్రావ వ్యాధి హీమోఫిలియా కుటుంబాలను లెక్కగట్టి 1947లోనే సూచించినవాడు హాల్డేన్. అలాగని తండ్రి తప్పూ లేదు. కల్లు తాగినందుకో, ఎడారి ఎండలో పనిచేసినందుకో వచ్చిందని చెప్పడానికి ఆధారం లేదు. 

కొత్తగా వచ్చిన మార్పా, వంశంలోదా అన్నది తేల్చడం మాత్రం అవసరం, తర్వాతి కాన్పు సలహా అంతా దాని మీదే ఉంటుంది. అందుకు తల్లిదండ్రులిద్దరి ఒళ్లూ చూడాలి. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల పల్లెల్లో వచ్చే ఇబ్బంది ఇక్కడే. ఆసుపత్రికి బిడ్డను తెచ్చేది తల్లి, నాయనమ్మ. తండ్రి దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. రెండేళ్లకోసారి సెలవు. డాక్టరు తల్లిని చూసి, ఏమీ లేవని రాసి పంపేస్తాడు. రోజూ రాత్రి వచ్చే వీడియో కాల్‌లో ఆయన్ని చొక్కా విప్పి వీపు, చంకలు చూపించమంటే సగం సమాచారం ఆ రాత్రే దొరుకుతుంది.

హైదరాబాద్ దారిలో

బీర్పూర్ నుంచి జగిత్యాల, కరీంనగర్ మీదుగా హైదరాబాద్ రెండు వందల కిలోమీటర్లకు పైనే. జన్యు వైద్యానికి తెలంగాణలో పేరున్న చోట్లన్నీ అక్కడే. ఉప్పల్‌లో జన్యు పరీక్షలు చేసే సీడీఎఫ్‌డీ, పంజాగుట్ట నిమ్స్‌లో దానితో కలిసి పనిచేసే వైద్య జన్యుశాస్త్ర విభాగం. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద గుర్తింపు పొందిన కేంద్రాల్లో ఈ జంట ఒకటి. ఆ విధానం జాబితాలోకెక్కిన వ్యాధులకు ఇలాంటి కేంద్రాల ద్వారా 50 లక్షల రూపాయల దాకా సాయం అందుతుంది. జాబితాలో లేని వ్యాధికి ఆ తలుపు తెరుచుకోదు.

మందుల సంగతికొస్తే 2020 దాకా చేయగలిగింది కత్తి పెట్టడమే. ఆ ఏడాది ఏప్రిల్‌లో సెల్యుమెటినిబ్ అనే మాత్రకు అమెరికా అనుమతి వచ్చింది. ఆపరేషన్‌తో తీయలేని గుత్తి గడ్డలున్న రెండేళ్లు దాటిన పిల్లలకు దీన్ని అప్పట్లో అనుమతించారు. యాభై మంది పిల్లల మీద చేసిన అధ్యయనంలో 35 మందికి గడ్డ కనీసం ఐదోవంతు కుంచించుకుపోయింది. నొప్పి తగ్గింది, మెడ తిప్పగలిగారు, కాలు కదిపారు. గడ్డ పూర్తిగా మాయం కాదు, మాత్ర ఏళ్ల తరబడి వేసుకోవాలి. ఖరీదు పల్లె కుటుంబానికి అందేది కాదు.

ఇప్పటికి అందుబాటులో ఉన్నది కనిపెట్టుకుని ఉండడమే. ఏటా కంటి పరీక్ష, రక్తపోటు, వెన్ను వంగుతోందా అన్న పరిశీలన, చదువు మీద ఓ కన్ను. మూత్రపిండాల రక్తనాళం ఇరుకై గానీ, అడ్రినల్ గ్రంథిలో గడ్డ వల్ల గానీ చిన్న వయసులోనే బీపీ పెరగవచ్చు. అందుకే పిల్లలకు బీపీ ఏమిటని నవ్వకూడదు. ఆడవాళ్లకు యాభై ఏళ్ల లోపు రొమ్ము క్యాన్సర్ ముప్పు ఇతరులకన్నా ఎక్కువ కనుక ముప్పై నుంచే పరీక్షలు మొదలుపెట్టాలి. రెండు చెవుల్లోనూ వినికిడి తగ్గుతూ, నడకలో తూలుతుంటే అది ఇరవై రెండో క్రోమోజోమ్‌కు సంబంధించిన వేరే జబ్బు. ఒకప్పుడు న్యూరోఫైబ్రోమటోసిస్ రెండో రకం అనేవారు. దాని దారి వేరు, వైద్యం వేరు.

గర్భంలోనే తెలుసుకోవచ్చా? కుటుంబంలో జన్యు మార్పు ఏదో ముందే తేలి ఉంటే పదకొండు, పన్నెండు వారాల్లో మాయ నుంచి నమూనా తీసి చెప్పగలరు. బిడ్డకు వస్తుందో రాదో మాత్రమే ఆ పరీక్ష చెబుతుంది. ఎంత తీవ్రంగా వస్తుందో చెప్పలేదు. మచ్చలతోనే సరిపోయే బిడ్డా, చూపు కోల్పోయే బిడ్డా ఆ కాగితం మీద ఒకలాగే కనిపిస్తారు. నిర్ణయం తల్లిదండ్రులదే. అత్తింటివాళ్లు పక్కన లేకుండా జన్యు సలహాదారుతో ఆ ఇద్దరూ మాట్లాడుకునే వీలుండాలి.

ఇంట్లో చూసుకోవలసినవి

• స్నానం చేయించేటప్పుడు గోధుమ రంగు మచ్చలు లెక్కపెట్టండి. ఆరో, అంతకన్నా ఎక్కువో ఉంటే ఫోటో తీసి తేదీ రాసి పెట్టుకోండి.

• చంకలు, గజ్జల్లో సన్నని చుక్కలున్నాయేమో చూడండి.

• ఒక కన్ను మూసి చూడమంటే పిల్లాడు పేచీ పెడుతున్నాడా? ఒక కన్ను ముందుకు పొడుచుకొచ్చిందా?

• చొక్కా విప్పి ముందుకు వంగమనండి. వీపు ఒక పక్క ఎత్తుగా ఉంటే వెన్ను వంగుతున్నట్టే.

• నెలల బిడ్డ వరుసగా ఉలిక్కిపడుతుంటే వీడియో తీసి ఆ రోజే డాక్టరుకు చూపించండి.

• గడ్డ వేగంగా పెరిగినా, గట్టిపడినా, రాత్రి నొప్పి పెట్టినా ఆగకండి. ఊళ్లో కోయించుకోకండి.

ఇక్కడే చేయగలిగింది

జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. పిల్లల డాక్టరు, చర్మ డాక్టరు, కంటి డాక్టరు, ఎముకల డాక్టరు ఒకే ఆవరణలో దొరికే చోట్లు అవి. నెలకు ఒక రోజు ఈ నలుగురూ ఒకే గదిలో కూర్చుంటే, అరుదైన జబ్బు పిల్లాడు నాలుగు ఓపీ చీట్లతో నాలుగు రోజులు కూలి పోగొట్టుకుని తిరగక్కర్లేదు. అంగన్‌వాడీ బృందం దగ్గరి పరీక్షా పత్రంలో మచ్చల సంఖ్యకు ఒక గడి చేరిస్తే పంపాల్సిన పిల్లలెవరో వాళ్లకే తెలుస్తుంది. హైదరాబాద్‌కు పోవాల్సినవాళ్లు అప్పుడు కొందరే ఉంటారు, పోయేటప్పుడు చేతిలో కాగితంతో పోతారు.

వైకల్యం నలభై శాతం, అంతకు మించి ఉన్నవాళ్లకు సదరం ధ్రువపత్రంతో 2023 నుంచి నెలకు 4,016 రూపాయల పింఛను ఉంది. అయితే ఈ జబ్బులో చాలామందికి శాతాల్లో కొలవగలిగే వైకల్యం ఉండదు. వాళ్లను కుంగదీసేది చూసేవాళ్ల చూపు, కుదరని పెళ్లి, పనిలో పెట్టుకోని యజమాని. పంతొమ్మిదో శతాబ్దపు లండన్‌లో జోసెఫ్ మెరిక్ అనే యువకుణ్ని ఏనుగు మనిషి పేరుతో డబ్బు తీసుకుని చూపించారు. అతనిది న్యూరోఫైబ్రోమటోసిస్ అని దశాబ్దాల పాటు పుస్తకాలు రాశాయి. ప్రోటియస్ సిండ్రోమ్ అనే మరో అరుదైన వ్యాధి అయి ఉండాలని 1986లో పరిశోధకులు వాదించారు. తప్పు పేరు పెట్టడం పల్లెలోనే కాదు, ప్రపంచ వైద్యంలోనూ జరిగింది.

సరైన పేరు దొరికిన రోజు నుంచి ఆ కుటుంబానికి ఏటా చేయాల్సిన పనేమిటో తెలుస్తుంది: కళ్లు, వెన్ను, బీపీ, చదువు. పేరు దొరకకపోతే ఏటా ఒక కొత్త డాక్టరు, ఒక కొత్త లేపనం, కోడలి మీద ఒక కొత్త నింద.